మైకమ్మ అనని మాట

ఆ బస్ స్టేషన్లో పనిచేసేవాళ్ళలో ఆమె అసలు పేరు తెలిసినవాళ్ళు తక్కువ. డ్రైవర్లకీ, కండక్టర్లకీ, ఊడ్చేవాళ్ళకీ, టీ కొట్టతనికీ ఆమె మైకమ్మ. మేడ మీద ఒక అద్దాల గది, అందులో స్పాంజి టోపీ పెట్టుకున్న మైకు, దాని వెనక ఆమె. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో, ఏది ఆలస్యమో, ఎవరి పిల్లాడు తప్పిపోయి విచారణ కౌంటర్ దగ్గర ఏడుస్తున్నాడో చెప్పేది ఆమే. కంగారు పెట్టకుండా తొందరపెట్టగల గొంతు ఆమెది. బస్సు కదలబోతోందని ఆమె చెబితే, చేతిలో సగం టీ ఉన్నవాడు కూడా అది తాపీగా ముగించి, సమయానికే వచ్చి ఎక్కేవాడని కండక్టర్లు చెప్పుకునేవారు. ఇంట్లో కూడా పాలు పొంగుతున్నాయని చెప్పే ముందు గొంతు సవరించుకుంటుందని చెల్లెలు వెక్కిరించేది.

తర్వాత రికార్డు చేసిన గొంతులు వచ్చాయి. అద్దాల గదికి తాళం పడింది. మైకమ్మను కిందికి, పోయిన సామాన్ల కౌంటర్‌కు మార్చారు. బస్సుల్లో జనం మరిచిపోయిన గొడుగులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు, ఒకసారి కట్టుడు పళ్ళ సెట్టు కూడా, అన్నీ ఆమె దగ్గరికే చేరేవి. "మాటలు పోయి మూటలొచ్చాయి" అని నవ్వేసి ఆ కుర్చీలో కూర్చుంది.

భర్త అదే డిపోలో డ్రైవరు. పెళ్ళైన కొన్నేళ్ళకే జ్వరంతో పోయాడు. పిల్లల్లేరు. తనవాళ్ళని చెప్పుకోవడానికి ఒక చెల్లెలు, ఆ చెల్లెలి కూతురు.

ఆ కూతుర్ని మైకమ్మ గువ్వ అని పిలిచేది. గువ్వకు రెండేళ్ళు నిండకముందే దాని తండ్రి ఇల్లు వదిలి వెళ్ళి మళ్ళీ రాలేదు. చెల్లెలికి వేరే ఊళ్ళో నూలు మిల్లులో పని దొరికింది. మిల్లు వాళ్ళ హాస్టల్లో పిల్లల్ని ఉండనివ్వరు. పిల్లను చంకనేసుకుని అక్క దగ్గరికి వచ్చి, "ఆర్నెల్లు అక్కా, నిలదొక్కుకోగానే తీసుకుపోతాను" అంది. ఆర్నెల్లు ఏడాదయింది, ఏడాది ఏళ్ళయ్యాయి. చెల్లెలు వచ్చినప్పుడల్లా పిల్లకు గౌన్లు తెచ్చేది, ముద్దులాడేది, వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర గొంతు తగ్గించి, "ఇంకొక్క ఏడాది ఉంచుకో అక్కా" అనేది. మైకమ్మ ఉంచుకుంది. అద్దాల గదిలో బల్ల కింద, మడతపెట్టిన రెయిన్‌కోటు మీద గువ్వ నిద్రపోతుంటే, పైన కూర్చుని పెద్దమ్మ ఊళ్ళోవాళ్ళకు దారి చెబుతుండేది.

పిల్లకు ఏడేళ్ళప్పుడు చెల్లెలు మిల్లులో స్టోర్సు చూసే ఆయన్ని పెళ్ళి చేసుకుంది. ఒక ఆదివారం వచ్చి పిల్లను అడిగింది. మైకమ్మ బట్టలు సర్ది, జడ వేసి, చెప్పుల బకిల్ పెట్టి, పిల్ల చెయ్యి తల్లి చేతిలో పెట్టింది. ఆ తర్వాత చాలా రోజులు మైకులో ఆమె గొంతు బొంగురుగా వినిపించేది. ఎవరైనా అడిగితే జలుబు చేసిందని చెప్పేది.

కొన్నేళ్ళకు ఆ కుటుంబం ఈ ఊరికే, అవతలి కొసకు, వచ్చి స్థిరపడింది. రాకపోకలు ఉండేవి గానీ, గువ్వ పెద్దదయ్యే కొద్దీ పలచబడ్డాయి. అందుకే కాలేజీలో సినిమాల చదువు చదువుతున్న గువ్వ ఒక మధ్యాహ్నం కౌంటర్ దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, నీతో పనుంది" అన్నప్పుడు ఆమెకు ఎక్కడలేని సంతోషం కలిగింది.

"ట్రైలర్ తియ్యాలి పెద్దమ్మా. పరీక్ష లాంటిదే, మార్కులుంటాయి."

"ఏ సినిమాకి?"

"సినిమా ఉండదు. ట్రైలర్ ఒక్కటే."

"బస్సు లేకుండా టికెట్లు కోస్తారన్నమాట."

గువ్వ నవ్వింది. కౌంటర్ లోపలికి వచ్చి, ఎవరో మరిచిపోయిన పెట్టె మీద కూర్చుని, క్లాసులో నేర్చుకున్నది ఉత్సాహంగా చెప్పుకొచ్చింది. ప్రతి కథలోనూ మొదట అంతా సవ్యంగా ఉంటుందట. ఏదో ఒకటి వచ్చి దాన్ని చెడగొడుతుందట. చెడిందని ఒకరు గుర్తిస్తారు, బాగుచెయ్యడానికి బయల్దేరతారు, చివరికి మరో రకంగా కుదుటపడుతుంది. ట్రైలర్‌లో మాత్రం బయల్దేరడం దాకా చూపించి ఆపెయ్యాలి. కుదుటపడటం కూడా చూపించేస్తే ఇక సినిమాకి ఎవరొస్తారు?

"ఇంకో సంగతి పెద్దమ్మా. కథలో ఉండేవాళ్ళు మనుషులు కారట, పనులట. వెతికేవాళ్ళు ఒకరు, వాళ్ళని పంపేవాళ్ళు ఒకరు, సాయం చేసేవాళ్ళు ఒకరు, అడ్డుపడేవాళ్ళు ఒకరు. ఎవరైనా వీటిలో ఏదో ఒక గడిలో పడాల్సిందే."

"మా డిపోలో డ్యూటీ చార్టు లాగా."

"అచ్చం అలాగే."

"మరి నా డ్యూటీ ఏంటే?"

"నువ్వు లేకపోతే కథే లేదు."

మైకమ్మకు లోపల ఎక్కడో చల్లగా తగిలింది ఆ మాట. "మరి చూసేవాళ్ళకి ఇది ఏ రకం సినిమానో ఎలా తెలుస్తుంది?" అని అడిగింది.

"దానికి గుర్తులుంటాయి. వెలుతురు, సంగీతం, తలుపులు, గొంతులు. పది సెకన్లలో తెలిసిపోవాలి, లేకపోతే మార్కులు కట్."

"మనది ఏ రకం?"

"కుటుంబ కథ" అంది గువ్వ, సంచి జిప్పు లాగుతూ.

షూటింగుకు గువ్వతో పాటు ఒక క్లాస్‌మేటు వచ్చింది. పొట్టి జుట్టు, మెడలో కెమెరా పట్టీ. మైకమ్మ ఆమెను కెమెరా పిల్ల అంది. మైకమ్మ ఉండే రెండు గదుల వాటాలో సామానంతా ఒక గోడకు చేర్చారు. పక్క వాటాలో ఉండే చిన్నపిల్లను తెచ్చి, చిన్నప్పటి గువ్వగా కూర్చోబెట్టారు. మైకమ్మ ఆ పిల్లకు తల దువ్వింది. కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూసింది. తలుపు గొళ్ళెం పెట్టింది, మళ్ళీ పెట్టింది, మెల్లగా పెట్టమంటే మెల్లగా పెట్టింది.

"కెమెరాని నేల మీద పెట్టారేంటే?"

"నువ్వు పెద్దగా కనిపించాలని."

"మొహం సగం చీకట్లో ఉంది. కరెంటు బిల్లు కట్టలేదనుకుంటారు చూసినవాళ్ళు."

"అలాగే బాగుంటుంది పెద్దమ్మా. కదలకు."

మైకమ్మ కదల్లేదు. తనను పెద్దగా చూపించాలనుకుంటున్నారన్న మాటకే ఆమె పొంగిపోయింది.

ఆఖర్న గువ్వ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, పైటకు చిన్న మైకు తగిలించి, "అమ్మ నన్ను తీసుకెళ్ళిన రోజు గురించి చెప్పు" అంది. మైకమ్మ మొదట మాట దాటేయబోయింది. ఆ రోజు గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు. కానీ అడుగుతున్నది గువ్వ. ఎదురుగా చిన్న స్టూలు మీద, మోకాళ్ళ మీద గడ్డం ఆనించుకుని, చిన్నప్పుడు కూర్చున్నట్టే కూర్చుంది. అంతే, మైకమ్మ చెప్పేసింది. ఆ రోజు ఏ గౌను వేసిందో, పిల్ల ఎన్నిసార్లు వెనక్కి తిరిగి చూసిందో చెప్పింది.

"గుమ్మం దగ్గర మీ అమ్మ చెయ్యి చాపింది. 'నేను ఇవ్వను. ఈ పిల్ల నాది' అని నోటిదాకా వచ్చింది గువ్వా. అనలేదు. ఎలా అంటాను? కన్నది అడుగుతుంటే అది అనే మాటేనా? మింగేశాను."

చెబుతూ చెబుతూ ఏడ్చింది. గువ్వ లేచి ఆమె భుజం నిమిరింది. కెమెరా పిల్ల ముక్కు చీదుకుంది. గోడకు చేర్చిన సామానును వాళ్ళు వెళ్ళాక మైకమ్మ ఒక్కతే సర్దుకుంది, అయినా బరువనిపించలేదు.

తర్వాత కొన్నాళ్ళు గువ్వ నుంచి కబురు లేదు. చెల్లెలికి ఫోను చేసి, ఆ ట్రైలర్ ఎప్పుడు వేస్తారని అడిగింది.

"అది కాలేజీ పిల్లల వరకేనట అక్కా. పెద్దవాళ్ళని రానివ్వరట. మాకే లేదు" అంది చెల్లెలు.

"సరేలే, తర్వాత ఫోన్లో చూపిస్తుందిలే."

"చూపిస్తుందిలే" అంది చెల్లెలు. ఎందుకో ఆ రోజు ఫోను త్వరగా పెట్టేసింది.

ఆ వారంలోనే కెమెరా పిల్ల కౌంటర్ దగ్గరికి వచ్చింది. బస్సులో చార్జరు మరిచిపోయిందట. మైకమ్మ వెతికి తీసి ఇచ్చింది. ఆ పిల్ల చార్జరు సంచిలో వేసుకుంటూ, "రేపు వస్తున్నారు కదా ఆంటీ? మా అందరి ఇళ్ళ నుంచీ వస్తున్నారు" అంది.

మైకమ్మ ఒక్క క్షణం తడబడింది. చెల్లెలు సరిగ్గా విని ఉండదు అనుకుంది. గువ్వ తనను ఆశ్చర్యపరుద్దామని చెప్పలేదేమో అని కూడా అనుకుంది. ఎటు తిప్పి ఆలోచించినా ఆమెకు మంచే తోచింది. "వస్తాను" అంది.

మర్నాడు సగం పూట సెలవు పెట్టి, ఉన్నవాటిలో మంచి బట్టలు ఇస్త్రీ చేసుకుని వెళ్ళింది. కాలేజీలో మెట్లమెట్లుగా కుర్చీలున్న హాలు. అప్పటికే దీపాలు తగ్గించారు. వెనక వరసలో, దారి పక్కన ఖాళీ చూసుకుని కూర్చుంది. ముందు నుంచి రెండో వరసలో చెల్లెలూ మరిదీ పక్కపక్కన కూర్చుని కనిపించారు. పెద్దవాళ్ళని రానివ్వరని చెప్పిన చెల్లెలి తల వెనకభాగం చూస్తూ, పెద్దవాళ్ళనీ రానిస్తారని వాళ్ళకు చివరి నిమిషంలో తెలిసి ఉంటుందని సర్దిచెప్పుకుంది.

రెండు మూడు ట్రైలర్ల తర్వాత గువ్వది వచ్చింది.

మొదట తెల్లటి ఉదయపు వెలుతురు. ఎవరో పడుచు తల్లి, ఒళ్ళో పిల్ల, నవ్వులు. హాలంతా హాయిగా ఉంది. ఒక్కసారిగా సంగీతం ఆగిపోయింది. తలుపు. గొళ్ళెం మెల్లగా, మెల్లగా పడింది. ఆ చెయ్యి తనదేనని మైకమ్మ గుర్తుపట్టింది. తర్వాత కిందనుంచి చూపించిన ఒక పెద్ద మనిషి, సగం మొహం చీకట్లో, సగం కిటికీ వెలుతురులో. అదే మనిషి పిల్లకు తల దువ్వుతోంది. దువ్వెన జుట్టులో దిగే చప్పుడు పెంచి పెంచి, రంపం కోస్తున్నట్టు వినిపించారు. పడుచు తల్లి వీధి వెంట పరిగెత్తుతోంది, తలుపులు బాదుతోంది. తెర మొత్తం నల్లబడింది. ఆ నల్లటి తెర మీద, జన్మలో ఎవర్నీ కంగారు పెట్టని ఆ గొంతు వినిపించింది.

"నేను ఇవ్వను. ఈ పిల్ల నాది."

హాల్లో ఎవరో అబ్బా అన్నారు. చప్పట్లు మోగాయి. ముందు వరసలో మరిది కూడా కొట్టాడు. చెల్లెలు కూడా కొట్టింది.



లెక్చరరు లేచి మెచ్చుకున్నాడు. కెమెరా కిందనుంచి పెట్టడం వల్ల ఆ మనిషి మీదపడుతున్నట్టు ఎలా అనిపించిందో, సగం మొహం చీకట్లో ఉంచితే చూసేవాడికి ఆ మనిషి ఏదో దాస్తోందని ఎందుకు అర్థమవుతుందో, గొళ్ళెం ఈ రకం సినిమాలకు ఎంత పాత గుర్తో విడమరిచి చెప్పాడు. షూటింగు రోజు తాను అడిగిన ప్రశ్నలన్నిటికీ మైకమ్మకు అక్కడ ఒక్కొక్కటిగా జవాబు దొరికింది.

"సైకలాజికల్ థ్రిల్లర్ అని పది సెకన్లలో తెలిసేలా చేశావమ్మా" అన్నాడాయన. "ఆ విలన్ గొంతు మాత్రం... ఎక్కడ పట్టావు ఆవిణ్ణి?"

గువ్వ వేదిక పక్కన నిలబడి, మైకు అందుకుని చెప్పింది. "కథ నా జీవితం లోంచి తీసుకున్నాను సర్. మా అమ్మ పనికోసం ఊరెళ్తే, చిన్నప్పుడు నన్ను ఒకళ్ళు ఐదేళ్ళు తిరిగి ఇవ్వలేదు. అమ్మ తిరిగి తిరిగి, పోరాడి తెచ్చుకుంది."

మళ్ళీ చప్పట్లు. చెల్లెలు కళ్ళు తుడుచుకుంటోంది. మరిది ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

దీపాలు వెలిగాక మైకమ్మ లేవలేదు. జనం దాటుకుంటూ వెళ్తున్నారు. ఒకావిడ ఆమె మొహం చూసి, ఆగి, పక్కనున్న వాళ్ళాయన్ని మోచేత్తో పొడిచింది. అప్పుడు లేచింది. నడవాలో గువ్వ స్నేహితుల మధ్య నిలబడి ఉంది. పెద్దమ్మను చూడగానే దాని మొహంలో నవ్వు సగంలో ఆగింది.

"నువ్వెప్పుడు వచ్చావు పెద్దమ్మా? నీకు కుదరదన్నావని అమ్మ చెప్పిందే..." అని మాట తడబడింది.

"నిన్ను నేను ఇవ్వలేదని ఎవరు చెప్పారే?"

గువ్వ వెనక్కి చూసింది. చెల్లెలూ మరిదీ అప్పుడే హాల్లోంచి బయటికి వస్తున్నారు.

"అమ్మ" అంది గువ్వ, చిన్నగా. "చిన్నప్పుడే చెప్పింది. ఎందుకు వదిలేశావని అడిగితే."

"నేను ఒక్కరోజు కూడా ఆపలేదు. ఇంకో ఏడాది, ఇంకో ఏడాది అంటూ ఉంచుకోమన్నది మీ అమ్మే. అడిగిన రోజున జడ వేసి పంపాను." మైకమ్మ చెల్లెలి వైపు తిరిగింది. "చెప్పవే. దాని ఎదురుగా చెప్పు."

చెల్లెలు ఒకసారి భర్త మొహం చూసింది, ఒకసారి కూతురి మొహం చూసింది. తర్వాత అక్క చెయ్యి ప్రేమగా పట్టుకుంది.

"అక్కకి ఈమధ్య అన్నీ కలిసిపోతున్నాయి" అంది భర్తతో. "పెద్దదవుతోంది కదా. పద అక్కా, కాస్త మంచినీళ్ళు తాగుదువు గానీ."

"కూర్చోండి వదినగారూ" అని మరిది మర్యాదగా కుర్చీ లాగాడు. ఆయన కళ్ళల్లో ఉన్నది కోపం కాదు, జాలి. ఏనాటి నుంచో తనను ఇంట్లోకి రానిచ్చి, టీ ఇచ్చి, తలుపు దాకా సాగనంపిన ఆ మర్యాదంతా ఒక పిల్లల దొంగ మీద చూపించిన దయ అని మైకమ్మకు అప్పుడు తెలిసొచ్చింది. చెల్లెలి చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది.

గువ్వ కంగారుగా దగ్గరికి వచ్చింది. "నీకు కోపం వస్తుందనుకోలేదు పెద్దమ్మా. నువ్వంటే నాకు ఇష్టమే. విలన్ అంటే చెడ్డమనిషని కాదు, అదొక పని. కథని కదిలించేది ఆ పాత్రే. నేను ముందే చెప్పాను కదా, నువ్వు లేకపోతే..."

"నా మాట కోసింది నువ్వేనా?"

"ఎడిటింగు నేనే చేశాను."

"అనలేదు అని చెప్పాను. విన్నావా?"

"విన్నాను."

"మరి?"

గువ్వ నేల చూసింది. "నీకు నువ్వే అలా సర్దిచెప్పుకుంటున్నావనుకున్నాను" అంది.

మైకమ్మ వెనక్కి తిరిగింది. మెట్లు దిగి, గేటు దాటి, వచ్చిన మొదటి బస్సు ఎక్కింది. అది ఎటు పోతుందో చూసుకోలేదు. కండక్టరు ఆమెను గుర్తుపట్టి, "మైకమ్మగారూ, ఇది మీ వైపు పోదే" అనేదాకా ఆ సంగతి ఆమెకు తెలియలేదు.

ఆ రాత్రి నుంచి చెల్లెలు ఫోను చేస్తూనే ఉంది. కొన్ని రోజులకు మైకమ్మ ఎత్తింది. మరిది ఇంట్లో లేడేమో, చెల్లెలు అసలు గొంతుతో మాట్లాడింది.

"ఏం చెప్పమంటావు అక్కా ఆయనకి? కన్నపిల్లని ఐదేళ్ళు వదిలేశానని చెబితే పెళ్ళి చేసుకునేవాడా? నువ్వు ఇవ్వలేదని ఒకసారి అన్నాక ఇక వెనక్కి తీసుకోలేకపోయాను. పిల్ల కూడా ఎందుకు వదిలేశావని అడిగింది. నిన్ను నేను వద్దనుకోలేదమ్మా అని చెప్పడానికి నాకు ఇంకో దారి కనిపించలేదు."

"దారి కోసం నన్ను తొక్కావు."

"నీ దాకా రాదనుకున్నాను. నీకు తెలిసేదే కాదు, నొప్పేముంది అనుకున్నాను."

"పదిమందిలో నాకు మతి పోయిందన్నావు చూడు. అది తెలిసే అన్నావు, నా ఎదురుగానే అన్నావు."

"దానికి ఇప్పుడు నిజం చెబితే నా మొహం చూడదు అక్కా" అంది చెల్లెలు.

మైకమ్మ ఫోను పెట్టేసింది. మళ్ళీ ఎత్తలేదు.

ట్రైలర్ బయటికి కూడా వచ్చింది. కాలేజీ వాళ్ళు దాన్ని అందరూ చూసేలా ఇంటర్నెట్లో పెట్టారు. ఒక రోజు గొడుగు కోసం వచ్చిన ఒక తల్లి, కౌంటర్‌లో మైకమ్మను చూసి, "మీరు అందులో ఉన్నావిడే కదూ? మావాడు హడలిపోయాడండీ" అని నవ్వుతూనే, పక్కనున్న పిల్లాణ్ణి కాస్త దగ్గరికి లాక్కుంది. మైకమ్మ గొడుగు తెచ్చి ఇచ్చింది. టీ కొట్టతను అదంతా చూసి, ఆ రోజు టీ తనే తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

వానలు మొదలయ్యాక గువ్వ వచ్చింది. జుట్టు తడిసి ఉంది. కౌంటర్ లోపలికి రాలేదు. బయట, సామాన్లకోసం వచ్చేవాళ్ళు నిలబడే చోట నిలబడింది.

"నువ్వు మాట్లాడింది మొత్తం మళ్ళీ విన్నాను పెద్దమ్మా. తర్వాత అమ్మని అడిగాను. నాన్న లేనప్పుడు."

"ఏమంది?"

"ఏమీ అనలేదు. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుంది. గిన్నెల్లేవు, అయినా తిప్పుకుని నిలబడింది." గువ్వ తడి జుట్టు వెనక్కి తోసుకుంది. "ఆ ట్రైలర్ తీసేయమని కాలేజీలో అడిగాను. తీసేశారు. సారీ పెద్దమ్మా."

మైకమ్మకు దాని తల తుడవాలనిపించింది. వెనక అరలో ఎవరిదో తువ్వాలు కూడా ఉంది. కానీ కుర్చీలోంచి లేవలేదు.

"మీ అమ్మ చెప్పింది, నమ్మావు. చిన్నపిల్లవి, అది నీ తప్పు కాదు" అంది. "నా గొంతు నీ చెవిలో పెట్టుకుని, అనలేదు అన్న మాట విని, దాన్ని కోసి పారేశావు. అది నాకు మింగుడు పడటం లేదే."

గువ్వ ఏడ్చింది. అంతలో ఒక ముసలాయన సంచి పోయిందంటూ వచ్చాడు. మైకమ్మ లేచి, సంచి ఏ రంగుదో, ఏ బస్సులో పోయిందో అడిగి, అరలు వెతకసాగింది. గువ్వ కళ్ళు తుడుచుకుని పక్కకు జరిగి ఆయనకు దారి ఇచ్చింది.

ఆ తర్వాత కూడా గువ్వ వస్తూనే ఉంది. మైకమ్మ మొహం తిప్పుకోదు. చదువెలా ఉందని అడుగుతుంది, టీ తెప్పిస్తుంది, వాన ఎక్కువైతే ఇప్పుడే వెళ్ళకు అంటుంది. చెల్లెలి ఊసు ఇద్దరూ ఎత్తరు. ఎప్పుడైనా గువ్వ దగ్గరికి జరిగి, "చిన్నప్పుడు నేనెలా ఉండేదాన్ని పెద్దమ్మా?" అని అడుగుతుంది. ఇప్పుడు దాని చేతిలో కెమెరా ఉండదు, అడిగే తీరులో ఆశ ఉంటుంది. మైకమ్మ దాని వైపు ఒకసారి చూసి, బల్ల మీద సామాన్లు సర్దుకుంటూ, "అందరి పిల్లల్లాగే ఉండేదానివి" అంటుంది.